ఈఎస్‌ఆర్ పెరిగిందంటే ఇన్ఫెక్షనేనా?

సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్‌ఆర్ (ఎర్రకణాలు కిందికి దిగే వేగం) అనే రక్తపరీక్షలు చేయించుకుని రిపోర్టు తెచ్చుకున్న రోజు ఇంట్లో అందరి చూపూ ఒకే వరుస మీద ఆగుతుంది. ఈఎస్‌ఆర్ 38. పక్కన నార్మల్ రేంజ్ 0–20. ఆ అంకెను నల్లగా, లావుగా అచ్చేసి ఉంటారు, పక్కనో చుక్క గుర్తు కూడా. "రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందట" అనే మాట అక్కడ పుడుతుంది. అదే మాట మెడికల్ షాపు దాకా వెళ్తే అయిదు రోజుల యాంటీబయాటిక్ కోర్సుగా తిరిగొస్తుంది. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే 36. ఇన్ఫెక్షన్ ఇంకా వదల్లేదనుకుని మరో కోర్సు.

ఇలాంటి చాలా సందర్భాల్లో అసలు ఏ క్రిమీ ఉండదు. చిక్కు సగం పరీక్షలో ఉంటే, సగం మన మాటలో ఉంది. ఇన్ఫెక్షన్ అంటే బ్యాక్టీరియానో వైరసో ఒంట్లో చేరి పెరగడం. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఏ దెబ్బ తగిలినా దానికి ఒళ్ళు ఇచ్చే జవాబు. ఆ దెబ్బ క్రిమి కావచ్చు, బెణికిన మడమ కావచ్చు, ఆపరేషన్ కావచ్చు, గుండెపోటు కావచ్చు, రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళ మీదే తిరగబడడమూ కావచ్చు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. గోరుచుట్టు లేచిన వేలిని చూస్తే నాలుగూ ఒక్కచోట దొరుకుతాయి. తెలుగులో దీన్ని వాపు అంటారు, మంట అంటారు, తాపం అంటారు. ఏ మాటకు ఆ మాట ఆ నాలుగింటిలో ఒకదాన్నే పట్టుకుంటుంది. అందుకేనేమో, ఆసుపత్రుల్లో రోజువారీ మాటల్లో ఇన్‌ఫ్లమేషన్ కూడా పోయిపోయి 'ఇన్ఫెక్షన్' ఖాతాలోనే జమ అవుతోంది.

వేలి మీద వాపు కంటికి కనిపిస్తుంది. పేగులో, రక్తనాళంలో, ఊపిరితిత్తిలో జరిగేది కనిపించదు. దాని జాడ రక్తంలో వెతకడానికే ఈ పరీక్షలు. జాడ ఉందో లేదో, ఉంటే ఎంత ఉందో ఇవి చెబుతాయి. ఎక్కడ, ఎందువల్ల అన్న ప్రశ్నలు వీటిని అడిగి లాభం లేదు.

వీటిలో ఈఎస్‌ఆర్ అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చవకైనది, అపార్థాలు కూడా దాని చుట్టూనే ఎక్కువ. చిన్న ఊరి ల్యాబ్‌లో ఇప్పటికీ చేత్తో చేసే పద్ధతి చూస్తే ఇందులో ఇంతేనా అనిపిస్తుంది. నాలుగు పాళ్ళ రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ కలుపుతారు, గడ్డకట్టకుండా. దాన్ని 30 సెంటీమీటర్ల సన్నటి గొట్టంలోకి సున్నా గీత దాకా పీల్చి, స్టాండుకు బిగించి నిటారుగా నిలబెడతారు. గొట్టం లోపలి వెడల్పు రెండున్నర మిల్లీమీటర్లు, పైనుంచి కిందికి 200 గీతలు. టెక్నీషియన్ టైమ్ రాసుకుని వేరే పనిలో పడతాడు. గంట తర్వాత వచ్చి చూస్తే ఎర్రకణాలు కిందికి దిగి, పైన లేత పసుపు రంగు ప్లాస్మా తేరుకుని ఉంటుంది. ఆ పసుపు భాగం ఎన్ని మిల్లీమీటర్లుంటే ఈఎస్‌ఆర్ అంత. పెద్ద ల్యాబ్‌లలో యంత్రాలు ఇదే అంకెను నిమిషాల్లో లెక్కగట్టి ఇస్తున్నాయి. అవీ ఇవ్వాలని చూసేది ఈ గాజు గొట్టం ఇచ్చే అంకెనే.

కణాలు ఎందుకు దిగుతాయి? ఎర్రకణాల పైపొర మీద రుణావేశం ఉంటుంది, అందుకే మామూలుగా అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. ఇన్‌ఫ్లమేషన్ మొదలైతే కాలేయం ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఆ ప్రొటీన్ ఈ తోపుడును తగ్గిస్తుంది. అప్పుడు కణాలు పళ్ళేల దొంతరలాగా ఒకదానికొకటి అంటుకుంటాయి. విడి పళ్ళెం కన్నా దొంతర బరువు, త్వరగా మునుగుతుంది. యాంటీబాడీలు విపరీతంగా పెరిగినా జరిగేది ఇదే. అంటే ఈఎస్‌ఆర్ నేరుగా ఇన్‌ఫ్లమేషన్‌ను కొలవడం లేదు. దానివల్ల పెరిగే ప్రొటీన్లు ఎర్రకణాల మీద చూపించే ప్రభావాన్ని కొలుస్తోంది. రెండు మెట్లు అవతల నుంచి విన్న వార్త అది.

ఆ వార్తను తారుమారు చేసేవి చాలా ఉన్నాయి. గొట్టం మూడు డిగ్రీలు పక్కకు ఒరిగితే చాలు, అంకె 30 శాతం దాకా పెరగొచ్చు. గది వేడిగా ఉన్నా పెరుగుతుంది. ఈ పరీక్ష 20 నుంచి 25 డిగ్రీల గదిలో చేయాలని చెబుతారు. మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయిన ఫ్యాను కింద ఆ షరతు ఎంతవరకు నిలుస్తుందో ఊహించుకోవచ్చు. అదే బల్ల మీద సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పే యంత్రం) తిరుగుతూ ఉన్నా, ఆ అదురుకు తేడా వస్తుంది. ఇక గర్భిణుల్లో సహజంగానే ఎక్కువ. అసలు ఈ పరీక్ష చరిత్రలో గర్భానికి పెద్ద పాత్రే ఉంది. రక్తకణాలు దిగే వేగానికీ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని 1897లో పోలండ్‌కు చెందిన వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్‌స్కీ గుర్తించాడు. స్వీడన్‌లో రాబిన్ ఫారియస్ 1918లో దీన్ని చేపట్టినప్పుడు గర్భనిర్ధారణకు పనికొస్తుందేమోనని చూశాడు. ఆ ఆశ నిలబడలేదు. 1921లో ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ క్షయ రోగుల్లో వాడి చూపించాడు. పైన చెప్పిన పొడవాటి గొట్టానికి ఇప్పటికీ ఆయన పేరే.

వయసు సంగతి మరీ ముఖ్యం. వయసు పెరిగే కొద్దీ ఈఎస్‌ఆర్ దానంతటదే పెరుగుతుంది. వైద్యులు వాడే ఒక మోటు లెక్క ఉంది: మగవాళ్ళలో వయసులో సగం, ఆడవాళ్ళలో వయసుకు పది కలిపి అందులో సగం. ఈ లెక్కన 62 ఏళ్ళ ఆవిడకు 36 దాకా పట్టించుకోనక్కర్లేదు. కానీ చాలా ల్యాబ్‌ల కాగితం మీద ఇరవై ఏళ్ళ అమ్మాయికీ అరవై ఏళ్ళ అమ్మమ్మకూ ఒకటే 0–20. కంప్యూటరు ఆ గీత దాటిన ప్రతి అంకెనూ లావు చేసి అచ్చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి కూర్చుని ఉంది: రక్తహీనత. గొట్టంలో ఎర్రకణాలు కిక్కిరిసి ఉంటే కిందికి దిగడానికి దారి దొరకదు. తక్కువుంటే గబగబా దిగిపోతాయి. అంటే ఒంట్లో ఏ ఇన్‌ఫ్లమేషనూ లేకపోయినా, హిమోగ్లోబిన్ తగ్గినందుకే ఈఎస్‌ఆర్ పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రతి ఇద్దరిలో ఒకరికి పైగా అన్నమాట. ఈ నేల మీద ఒక మహిళ రిపోర్టులో ఈఎస్‌ఆర్ 38 కనిపిస్తే, ముందు చూడాల్సింది అదే కాగితంలో నాలుగు వరుసల పైన ఉన్న హిమోగ్లోబిన్. అది 8.5 ఉంటే ఈఎస్‌ఆర్ కథ సగానికి సగం అక్కడే తేలిపోవచ్చు. ఆమెకు కావాల్సింది ఐరన్, ఆ ఐరన్ ఎందుకు తగ్గిందో కనుక్కునే డాక్టరు. యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు మింగినా ఆ అంకె దిగదు. ఎందుకు దిగడం లేదో ఎవరూ చెప్పకపోతే టెన్షన్ మాత్రం పెరుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురుదిక్కు కూడా ఉంది. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంకరపోతాయి. వంకర పళ్ళేలు దొంతరగా నిలవవు. ఒంట్లో తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా ఈఎస్‌ఆర్ తక్కువగానే కనిపించవచ్చు. ఆ రోగికి 'ఈఎస్‌ఆర్ నార్మల్' అనే మాట ఊరట కాకూడదు.

ఇన్ని లోపాలున్న ఈఎస్‌ఆర్ పక్కన సీఆర్‌పీ చాలా నికార్సైన పరీక్ష. పూర్తి పేరు సీ-రియాక్టివ్ ప్రొటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆస్వాల్డ్ ఏవరీ ప్రయోగశాలలో విలియం టిలెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోనియా రోగుల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) మీద పనిచేస్తున్నారు. న్యుమోకాకస్ బ్యాక్టీరియా నుంచి తీసిన 'సీ' అనే పదార్థాన్ని జబ్బు ముదిరిన రోగి సీరంలో కలిపితే తెల్లగా విరిగి అడుగుకు చేరింది. అదే రోగి కోలుకున్నాక కలిపితే ఏమీ జరగలేదు. యాంటీబాడీ అయితే దీనికి ఎదురుగా ఉండాలి, జబ్బు తగ్గే కొద్దీ పెరగాలి. ఇది జబ్బుతో వచ్చి జబ్బుతో పోయింది. ఆ తర్వాత న్యుమోనియాతో ఏ సంబంధమూ లేని జబ్బుల్లోనూ ఇదే కనిపించింది. ఆ ప్రొటీన్ క్రిమి తెచ్చింది కాదని, ఒళ్ళు స్వయంగా తయారుచేసుకునేదని అలా తేలింది. (ఏవరీ పేరు జన్యుశాస్త్రం చదివినవాళ్ళకు ఇంకోలా తెలుసు. వంశపారంపర్య సమాచారం డీఎన్‌ఏలో ఉందని 1944లో చూపించిన ముగ్గురిలో ఆయన ఒకరు. అదీ న్యుమోకాకస్ మీద పనిలోంచే వచ్చింది.)

ఇది జరిగే తీరు ఇదీ. దెబ్బ తిన్న చోట పోగైన తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయన కబురు రక్తంలోకి పంపుతాయి. కబురు అందగానే కాలేయం సీఆర్‌పీ తయారీ మొదలుపెడుతుంది. దాదాపు ఆరు గంటల్లో రక్తంలో పెరుగుదల కనిపిస్తుంది, రెండు రోజులకు శిఖరానికి చేరుతుంది. మామూలు రోజుల్లో లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములుండే ఈ ప్రొటీన్ తీవ్రమైన జబ్బులో వందలు దాటగలదు. ఇంత పెద్ద పరిధిలో ఊగే అంకె రక్తపరీక్షల్లో తక్కువ.

దీని అసలు విలువ దిగే తీరులో ఉంది. సీఆర్‌పీ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 19 గంటలు పడుతుంది. జబ్బు ఏదైనా, మనిషి ఎవరైనా ఆ లెక్క పెద్దగా మారదు. కాబట్టి మంటకు మూలం ఆరిపోతే అంకె రోజుకు సగం కన్నా ఎక్కువే పడాలి. న్యుమోనియాతో చేరిన రోగికి 160 ఉందనుకుందాం. మందు పనిచేసి కాలేయానికి కబుర్లు ఆగిపోతే మర్నాటికి 70కి దగ్గరగా, ఆ మర్నాటికి 30కి దగ్గరగా రావాలి. నిజజీవితంలో మూలం ఒక్క దెబ్బతో ఆరదు కాబట్టి ఇంత నున్నగా దిగదు, అయినా దారి తెలుస్తుంది. మూడో రోజు కూడా 150 దగ్గరే కూర్చుంటే మందు మార్చాలో, ఎక్కడైనా చీము పట్టిందేమో స్కాన్ చేయాలో ఆలోచించే సమయం వచ్చిందని అర్థం. ఈఎస్‌ఆర్‌కు ఈ చురుకు లేదు. ఫైబ్రినోజెన్ తగ్గడానికి రోజులు, యాంటీబాడీలు తగ్గడానికి వారాలు పడతాయి. జ్వరం తగ్గి మనిషి ఆఫీసుకు వెళ్తున్నా ఈఎస్‌ఆర్ ఇంకా పైనే ఉంటుంది. దాన్ని చూసి మందు పొడిగించడం ఆగిపోయిన వాన కోసం గొడుగు పట్టుకు తిరగడమే.

రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఒక ఉచ్చు ఉంది. కొన్ని ల్యాబ్‌లు సీఆర్‌పీని లీటరుకు మిల్లీగ్రాములలో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. ఒక చోట 1.2, మరో చోట 12 అన్నది ఒకే విలువ. పది రెట్లు పెరిగిందని గాభరా పడేముందు అంకె పక్కన ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. కొన్ని చిన్న ల్యాబ్‌లలో అంకే ఉండదు. నల్లటి స్లయిడు మీద సీరం చుక్కకు తెల్లటి లేటెక్స్ ద్రవం కలిపి రెండు నిమిషాలు అటూ ఇటూ ఊపుతారు. విరిగిన పాలలా రవ్వలు కట్టితే 'పాజిటివ్'. లీటరుకు ఆరు మిల్లీగ్రాముల దగ్గర అది రవ్వ కట్టడం మొదలవుతుంది. 7 ఉన్న జలుబు మనిషికీ 300 ఉన్న సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితి) రోగికీ అది ఇచ్చే జవాబు ఒక్కటే.

అయితే సీఆర్‌పీ వందల్లో ఉంటే బ్యాక్టీరియా అని, తక్కువుంటే వైరస్ అని తేల్చేయొచ్చా? మొగ్గు అటే ఉంటుంది, హద్దు మాత్రం అంత గట్టిది కాదు. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2014లో న్యుమోనియాపై ఇచ్చిన మార్గదర్శకంలో ఒక పద్ధతి సూచించింది. పరీక్షించాక కూడా డాక్టరుకు సందేహం మిగిలితే సీఆర్‌పీ చూడాలి. 20 లోపుంటే యాంటీబయాటిక్ మామూలుగా వద్దు, 100 దాటితే ఇవ్వాలి, మధ్యలో ఉంటే చీటీ రాసిచ్చి, లక్షణాలు ముదిరితేనే వాడమనాలి. ఇక్కడ గమనించాల్సింది ఆ ఇరవై, వంద అన్న అంకెల కన్నా 'సందేహం మిగిలితే' అన్న మాట. పరీక్ష ముందు డాక్టరు ఛాతీ విన్నాడు. మన దగ్గర వరస తరచూ తిరగబడుతుంది. జ్వరం అనగానే సీబీపీ, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, వైడల్ (టైఫాయిడ్ పరీక్ష), డెంగీ కట్టగా రాసి, కాగితాలు వచ్చాక మనిషిని చూస్తారు. యాంటీబయాటిక్ వాడకం తగ్గించడానికి పుట్టిన పరీక్షే ఇలా దాన్ని పెంచే సాకు అవుతుంది.

బ్యాక్టీరియా ప్రశ్నకు మరింత దగ్గరగా వెళ్ళేది ప్రోకాల్సిటోనిన్ అనే రక్తపరీక్ష. 1993లో ఫ్రాన్స్ పరిశోధకులు సెప్సిస్‌తో దీనికున్న సంబంధాన్ని బయటపెట్టారు. ఐసీయూలో యాంటీబయాటిక్ ఎప్పుడు ఆపొచ్చో నిర్ణయించడానికి ఇది బాగా పనికొస్తుంది. పెద్ద ఆపరేషన్, కాలిన గాయాలు, కిడ్నీ వైఫల్యం దీన్నీ పెంచుతాయి. ఖరీదు కూడా ఎక్కువే, మామూలు జ్వరానికి దీని అవసరం పడదు.

ఫెరిటిన్ కథ వేరు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్షగానే అందరికీ తెలుసు. కానీ ఇన్‌ఫ్లమేషన్‌లో ఇదీ పెరుగుతుంది. కీళ్ళవాతం ఉన్న రక్తహీన మహిళకు ఫెరిటిన్ 45 వస్తే, కాగితం మీద అది నార్మల్. లోపల ఐరన్ డబ్బా అడుగంటి ఉండొచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకంలో పెద్దవాళ్ళకు రెండు గీతలు గీసింది: ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపు, ఇన్ఫెక్షన్ లేదా ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవాళ్ళలో 70 లోపు ఉంటే ఐరన్ లోపంగా చూడాలని. ఫెరిటిన్‌తో పాటు సీఆర్‌పీ చేయించడంలో అర్థం ఉన్న చోటు ఇది.

ఈ పేర్లన్నీ కోవిడ్ రెండో వేవ్‌లో ఇంటింటి మాటలయ్యాయి. 2021 ఏప్రిల్, మే నెలల్లో వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న రిపోర్టుల్లో సీఆర్‌పీ, ఫెరిటిన్, డీ-డైమర్ (రక్తం గడ్డల జాడ చూసే పరీక్ష), ఐఎల్-6 (పైన చెప్పిన ఇంటర్‌ల్యూకిన్-6) నాలుగూ ఉండేవి. ఆక్సిజన్ 98 ఉండి ఇంట్లో అన్నం తింటున్నవాళ్ళు కూడా సీఆర్‌పీ 20 చూసి స్టెరాయిడ్లు మొదలుపెట్టారు. స్వల్ప లక్షణాలున్నవాళ్ళు సీటీ స్కాన్లకూ ఈ రక్తపరీక్షలకూ పరుగెత్తవద్దని అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా మే మొదట్లో బహిరంగంగానే చెప్పాల్సి వచ్చింది. బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' అనే ట్రయల్ అప్పటికి దాదాపు ఏడాది కిందటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకే మేలు చేసిందని, అవసరం లేనివాళ్ళకు మేలు కనిపించలేదని తేల్చింది. అదే ట్రయల్ టోసిలిజుమాబ్ మందును పరీక్షించినప్పుడు రెండు షరతులు కలిపి పెట్టింది: ఆక్సిజన్ తగ్గి ఉండాలి, సీఆర్‌పీ 75 లేదా అంతకు పైన ఉండాలి. అంకె ఒక్కటే చాలదని ఆ షరతు చెప్పకనే చెప్పింది.

చెకప్ ప్యాకేజీల్లో కనిపించే హెచ్‌ఎస్-సీఆర్‌పీ కూడా ఇదే ప్రొటీన్. కొత్త పదార్థమేమీ కాదు, చాలా తక్కువ మోతాదులను పట్టే సున్నితమైన కొలత అంతే. గుండె జబ్బు ముప్పు అంచనాకు 1 లోపు తక్కువ, 3 పైన ఎక్కువ అని లెక్క. జలుబు చేసినా పంటి చిగురు వాచినా ఇది పెరుగుతుంది, పొట్ట చుట్టూ కొవ్వు ఉంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే ఉంటుంది. 10 దాటితే గుండె సంగతి పక్కన పెట్టి, ఒంట్లో ఇంకేదో ఉందేమో చూసి, రెండు వారాలాగి మళ్ళీ చేయించాలి.

రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పనప్పుడు డాక్టర్లకు అసలు ఆసక్తి మొదలవుతుంది. ఈఎస్‌ఆర్ 100 దాటి, సీఆర్‌పీ మామూలుగా ఉంటే, నడుం నొప్పితో వచ్చిన అరవై ఏళ్ళ మనిషిలో మల్టిపుల్ మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ గుర్తుకు రావాలి. అందులో ఒకే రకం యాంటీబాడీ రక్తాన్ని నింపేస్తుంది, కణాలు దొంతర కడతాయి, కాలేయానికి మాత్రం పెద్దగా కబురు వెళ్ళదు. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బులోనూ తరచూ ఈఎస్‌ఆర్ ఎక్కువ, సీఆర్‌పీ తక్కువ. లూపస్ రోగిలో సీఆర్‌పీ హఠాత్తుగా ఎగబాకితే అప్పుడు నిజంగానే ఇన్ఫెక్షన్ కోసం వెతుకుతారు.

నార్మల్ వచ్చినంత మాత్రాన ఏమీ లేదనీ కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్ళవాతం) మొదలైనవాళ్ళలో కొందరికి రెండు అంకెలూ మామూలుగానే ఉంటాయి. పొద్దున లేవగానే గంటసేపు పిడికిలి బిగించడం కుదరదు, వేలి కణుపులు వాచి ఉంటాయి. ఆ చేతిని పట్టి చూస్తే తెలిసేది కాగితంలో ఉండదు. కీళ్ళ నొప్పులకని ఎవరో ఇచ్చిన పేరులేని పొడుల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే ఈఎస్‌ఆర్ చక్కగా దిగుతుంది, నొప్పీ తగ్గుతుంది, లోపల కీలు అరిగిపోతూనే ఉండొచ్చు.

అన్నిటికన్నా మెలకువ అవసరమయ్యేది పైన చెప్పిన టోసిలిజుమాబ్ వాడేవాళ్ళ విషయంలో. కీళ్ళవాతానికి నెలల తరబడి ఈ మందు తీసుకునేవాళ్ళున్నారు. ఇది ఇంటర్‌ల్యూకిన్-6 కబురు కాలేయానికి చేరకుండా అడ్డుకుంటుంది. కబురు అందని కాలేయం సీఆర్‌పీ తయారుచేయదు. ఈ మందు మీద ఉన్న మనిషికి న్యుమోనియా వచ్చినా, కడుపులో పేగుకు చిల్లు పడినా, రిపోర్టులో సీఆర్‌పీ దాదాపు సున్నా దగ్గరే ఉండొచ్చు, జ్వరమూ అంతగా కాయకపోవచ్చు. అందుకే ఇలాంటి రోగి కడుపు నొప్పి అని వస్తే ఆ సున్నాను నమ్మి ఇంటికి పంపరు. కడుపు నొక్కి చూస్తారు, స్కాన్‌కు పంపుతారు.